డేటు దాటింది సరే, ఏ డేటు?

పిల్లలూ,

పోయిన నెల మీ ఫ్లాటుకి వచ్చినప్పుడు ఆదివారం పొద్దున మీరు వంటింటి అరలు సర్దుతుంటే నేను కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. ఒక్కో ప్యాకెట్ తిప్పి చూడటం, "డేటు అయిపోయింది" అనడం, నల్ల కవర్లో పడేయడం. గంటలో కవరు నిండిపోయింది. మీ ఇంట్లో మీ పని మీరు చేసుకుంటుంటే మధ్యలో దూరడం ఎందుకని అప్పుడు ఊరుకున్నాను. కానీ ఊరికి తిరిగొచ్చాక కూడా ఆ కవరు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మీరు స్నానాలకు వెళ్లినప్పుడు ఆ కవర్లోంచి గోధుమ రవ్వ ప్యాకెట్ ఒకటి బయటకు తీశాను. సీలు కూడా విప్పలేదు. దాని మీద మీరు చూసిన డేటు "బెస్ట్ బిఫోర్", అది దాటి పన్నెండు రోజులైంది. కత్తిరించి పళ్లెంలో పరిచాను. ఉండలు కట్టలేదు, పురుగు గూళ్ల పోగులు లేవు. గుప్పెడు తీసి వాసన చూస్తే ముక్కిన వాసన లేదు. నాలుగు పలుకులు నమిలి చూస్తే చేదూ లేదు. దోరగా వేయించాను. మీరు పదింటికి తిన్న ఉప్మా అదే.

అదే పొద్దున ఇంకొకటి చూశాను. రాత్రి తొమ్మిదింటికి తెప్పించి టేబుల్ మీదే వదిలేసిన చికెన్ బిర్యానీని మీలో ఒకరు వేడి చేసుకుని తిన్నారు. వద్దంటున్నా "బాగానే ఉంది అమ్మమ్మా" అంటూ రెండు ముద్దలు మింగేశారు. డబ్బా మీద డేటు లేదు కాబట్టి దాని గురించి టెన్షన్ లేదు. పారేయాల్సింది తిన్నారు, తినాల్సింది పారేశారు. నా బాధంతా అదే.

ముందు డేట్ల సంగతి చెబుతాను. ప్యాకెట్ల మీద రెండు రకాల మాటలు ఉంటాయి, రెండిటికీ అర్థం ఒకటి కాదు. "బెస్ట్ బిఫోర్" అంటే ఆ రోజు వరకు సరుకు రుచి, వాసన, కరకర తగ్గకుండా ఉంటుందని తయారు చేసినవాళ్లు ఇచ్చే మాట. అది దాటితే బిస్కెట్ కొంచెం మెత్తబడొచ్చు, ధనియాల పొడి ఘాటు తగ్గొచ్చు. సరిగ్గా నిల్వ చేసింది అయితే తినడానికి పనికొచ్చే అవకాశమే ఎక్కువ. "యూజ్ బై" లేదా "ఎక్స్‌పైరీ" అలా కాదు, ఆ తేదీ దాటాక ఆ సరుకు అమ్మకూడదు, మీరు తినకూడదు. మన దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లేబుళ్ల గురించి 2020లో తెచ్చిన నిబంధనల్లో ఈ రెండిటికీ విడివిడిగా అర్థం రాసి ఉంది. ఎక్స్‌పైరీ తప్పనిసరిగా వేయాలి, బెస్ట్ బిఫోర్ కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. అందుకే కొన్ని ప్యాకెట్ల మీద రెండూ కనిపిస్తాయి. మీరు అంకె ఒక్కటే చూస్తున్నారు, దాని పక్కనున్న మాట చూడటం లేదు.

ఎక్స్‌పైరీ అని ఉన్నది దాటిపోతే నేను కూడా తినమని చెప్పను. పాల ప్యాకెట్, పనీర్, మాంసం, చేప లాంటివైతే మరీ జాగ్రత్త. వాటిలో పెరిగే కొన్ని సూక్ష్మజీవులు వాసనకీ రుచికీ దొరకవు, లిస్టీరియా లాంటిదైతే ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. కాబట్టి నా ముక్కు మీద నాకెంత నమ్మకం ఉన్నా వాటి దగ్గర ముక్కుని నమ్మను. పసిపిల్లల డబ్బా పాలపొడి సంగతీ అంతే. అలాంటివి వ్యర్థం కాకుండా ఉండాలంటే ఉన్న దారి ఒక్కటే, రెండు రోజులకి సరిపడా కొనడం. తేదీ లోపు వాడలేం అనిపిస్తే ఆ తేదీకి ముందే ఫ్రీజర్లో పెట్టేయండి.

ఇక బిర్యానీ. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పైగా అందులో చికెన్. వండిన అన్నం, కూర ఏదైనా రెండు గంటలకి మించి బయట ఉంచకండి, మన ఎండల్లో ఇంకా తక్కువే. పెద్ద గిన్నెలో అలాగే పెడితే లోపల చల్లబడటానికి చాలాసేపు పడుతుంది, చిన్న డబ్బాల్లోకి పరిచినట్టు సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. మరి మేము తిన్న చద్దన్నం అంటారేమో, దాంట్లో నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టేవాళ్లం, ఆ పులుపులో చెడు క్రిములు అంత సులువుగా పెరగలేవు. మసాలా బిర్యానీని టేబుల్ మీద వదిలేసి దానికి చద్దన్నం అని పేరు పెడితే కుదరదు.

మీ తాతయ్యా నేనూ ముప్ఫై ఏళ్లు కిరాణా కొట్టు నడిపాం కదా. మొదట్లో సరుకంతా బస్తాల్లోనే వచ్చేది, డేటు అనే మాటే లేదు. కందిపప్పు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు గుప్పెట్లోకి తీసుకుని అరచేతిలో నలిపి, ఒక పలుకు కొరికి, అప్పుడు తూచమనేవారు. పాత బియ్యానికి ధర ఎక్కువ, పాత చింతపండు నల్లబడితే పులుసుకి అదే బాగుంటుందని అడిగి తీసుకునేవారు. అదే వేరుశనగ గుళ్లలో బూజు కనిపిస్తే మాత్రం మీ తాతయ్య బేరం లేకుండా బస్తా వెనక్కి పంపేవారు. అది సరైన పనే. పల్లీల బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది వేయించినా పోదు, కాలేయానికి చెడ్డది. మీరు కూడా నల్లబడిన, ముడతలు పడిన, చేదుగా ఉన్న పల్లీలు ప్యాకెట్ మీద ఇంకా ఆరు నెలల గడువున్నా సరే పారేయండి. బ్రెడ్డు మీద ఒక మూల బూజు కనబడితే ఆ మూల తుంచి మిగతాది తినకండి, దాని వేళ్లు కంటికి కనపడకుండా లోపలికి పాకి ఉంటాయి.

కొట్లో మాకు ఒకే కట్టుబాటు ఉండేది, కొత్త సరుకు వెనక్కి, పాత సరుకు ముందుకి. మీ అరల్లో అది తిరగబడి ఉంది. కందిపప్పు ప్యాకెట్లు మూడు విప్పి ఉన్నాయి, మూడూ సగం సగం. ఆఫర్ ఉందని రెండోది, మర్చిపోయి మూడోది కొన్నారు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు ముందు డేటు చూడండి, చాలాసార్లు గడువు దగ్గరపడిన సరుకే అలా వదిలించుకుంటారు. వెంటనే వాడేట్టయితే కొనుక్కోండి, తప్పులేదు. ఫోన్లో తెప్పించుకుంటారు కదా, ఆ కంపెనీలకి ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 నవంబరులో చెప్పింది, సరుకు ఇంటికిచ్చే రోజుకి దాని ఆయుష్షులో కనీసం 30 శాతం గానీ 45 రోజులు గానీ మిగిలి ఉండాలని. తలుపు దగ్గరే తిప్పి చూసుకోండి.

ఒకసారి మాకు సరుకు వేసే ఏజెన్సీ మనిషి తెచ్చిన పెట్టెలో సీసాల మీద ఒక స్టిక్కర్ పైన ఇంకో స్టిక్కర్ ఉంది. గోటితో గీకితే కింద పాత తేదీ బయటపడింది, నాలుగు నెలల క్రితం దాటిపోయినది. మీ తాతయ్య పెట్టె పెట్టెంతా వాకిట్లో పెట్టేసి డబ్బు ఇవ్వనన్నారు, తర్వాత ఆ ఏజెన్సీతో మాకు లావాదేవీ లేదు. ముద్ర చెరిగిపోయినా, గీకినట్టున్నా, డబుల్ స్టిక్కర్ ఉన్నా కొనకండి. 1915 వినియోగదారుల నంబరు ఉంది, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ కూడా ఉంది, ఫొటో తీసి ఫిర్యాదు పెట్టండి.

ఇంగ్లండులో ఉన్న మీ అక్క ఫోన్లో చెప్పింది, అక్కడ టెస్కో అనే పెద్ద సూపర్ మార్కెట్ 2018లోనే చాలా కూరగాయల, పళ్ల ప్యాకెట్ల మీద బెస్ట్ బిఫోర్ తీసేసిందట, అది చూసి జనం మంచివి పారేస్తున్నారని. యూరప్ వాళ్లు లెక్కేసుకుంటే అక్కడ వృథా అయ్యే తిండిలో పదో వంతు వరకు ఈ డేట్లకి సంబంధించినదే అని తేలింది. మన లెక్కా చెబుతాను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదికలో మన దేశపు ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోల తిండి వృథా అవుతోందని వేశారు. తొక్కలూ ఎముకలూ కలిపిన లెక్కే అది, అయినా మన 25 కిలోల బియ్యం బస్తాలు రెండు దాటింది, ఒక్క మనిషికి. మీ ఇంట్లో ముగ్గురున్నారు. నారు పోసిన దగ్గర నుంచి ధాన్యం ఇంటికి చేరేదాకా ఎన్ని రోజులు నీళ్లలో నిలబడాలో మా నాన్న పొలంలో చిన్నప్పుడు చూసినదాన్ని, నా చేతుల్తో బియ్యపు గింజ పారబోయలేను.

ఆ కవర్లో తేనె సీసా కూడా ఉంది, అడుగున గడ్డకట్టిందని వేసేశారు. చెడలేదు, తేనె అంతే. గోరువెచ్చటి నీళ్లలో సీసా పెడితే కరుగుతుంది. తీసి పై అరలో వెనక పెట్టాను, చూసుకోండి.

శుక్రవారం బస్సులో ఆవకాయ జాడీ పంపిస్తున్నాను. మూత మీద కలిపిన తేదీ స్కెచ్ పెన్నుతో రాశాను, చివరి తేదీ రాయలేదు. అది మీరు పెట్టే గరిటెని బట్టి ఉంటుంది, తడి గరిటె పెడితే నెల, పొడి గరిటె పెట్టి పైన నూనె తేలేట్టు చూసుకుంటే వచ్చే ఏడు మామిడికాయల దాకా. జాడీ అందగానే ఫోన్ చేయండి.

మీ అమ్మమ్మ