గుండెపోటును లెక్కపెట్టిన తీరులోనే ఉంది గొడవంతా

గుండెకు రక్తమిచ్చే ఎడమ ప్రధాన ధమని (లెఫ్ట్ మెయిన్)లో పూడికకు స్టెంట్ వేయాలా, బైపాస్ చేయాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. 1977లో జ్యూరిచ్‌లో గ్రూంట్‌జిగ్ తొలిసారి బెలూన్‌తో గుండె ధమనిని తెరిచినప్పటి నుంచి మందుపూత స్టెంట్ల దాకా నడిచిన కథ చాలామందికి తెలిసిందే. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే మాత్రం ఎక్సెల్ అనే ట్రయల్ దగ్గర ఆగాలి.

లెఫ్ట్ మెయిన్ పొట్టి నాళమే. కానీ ఎడమ జఠరిక కండరానికి అందే రక్తంలో ఎక్కువ భాగం దాని గుండానే వెళ్లాలి. అందుకే అక్కడ స్టెంట్ వేయడానికి ఒకప్పుడు జంకేవారు. 2009లో వచ్చిన సింటాక్స్ ట్రయల్ ఆ జంకును కొంత పోగొట్టింది. పూడిక ఎక్కడుంది, ఎంత పొడవుంది, ఎంత సున్నం పట్టింది అని చూసి స్కోరు వేయడం దాంతోనే మొదలైంది. 33, అంతకు మించితే బైపాసే మేలని తేలింది.

స్కోరు 32 మించని 1,905 మంది లెఫ్ట్ మెయిన్ రోగులతో ఎక్సెల్ జరిగింది. మరణం, పక్షవాతం, గుండెపోటు కలిపితే మూడేళ్లకు స్టెంట్ వర్గంలో 15.4 శాతం, బైపాస్ వర్గంలో 14.7 శాతం అని 2016లో ప్రకటించారు. రెండూ సమానమేనన్న మాట వ్యాపించింది. 2018 యూరప్ మార్గదర్శకాలు తక్కువ స్కోరు ఉన్నవారి విషయంలో రెండింటినీ ఒకే మెట్టు మీద నిలబెట్టాయి.

2019లో ఐదేళ్ల లెక్క వచ్చింది. ఏ కారణంతోనైనా చనిపోయినవారు స్టెంట్ వర్గంలో 13 శాతం, బైపాస్ వర్గంలో 9.9 శాతం. సర్జన్ల ఆక్షేపణ ఇక్కడితో ఆగలేదు. బైపాస్‌లో గుండెను పట్టుకుని, చాలాసార్లు కొట్టుకోకుండా ఆపి, కుట్లు వేస్తారు. అప్పుడు కండరం నుంచి కొంత సీకే-ఎంబీ ఎంజైమ్ రక్తంలోకి కారడం సహజం. ఎక్సెల్ మాత్రం చికిత్స తర్వాత 72 గంటల్లో ఈ ఎంజైమ్ మామూలు గరిష్ఠానికి పది రెట్లు దాటితే చాలు, ఈసీజీలో మార్పేమీ లేకపోయినా గుండెపోటు కిందే రాసింది. ఆ లెక్కన చికిత్స వెంటే వచ్చే గుండెపోట్లు స్టెంట్‌తో 3.6 శాతం, బైపాస్‌తో 6.1 శాతం. అదే, ఎంజైమ్‌తో పాటు ఈసీజీ వంటి మరో ఆధారమూ కోరే సార్వత్రిక నిర్వచనంతో చూస్తే స్టెంట్‌తో 4.0, బైపాస్‌తో 2.2 శాతం. అంటే ఫలితం తలకిందులైంది! ఈ రెండో లెక్క ఐదేళ్ల వ్యాసంలో లేదు. పరిశోధకుల్లో ఒకరైన సర్జన్ డేవిడ్ టగార్ట్ ఆ వ్యాసంలో తన పేరు వద్దన్నారు. 2019 డిసెంబరులో బీబీసీ న్యూస్‌నైట్ కథనం వచ్చాక యూరప్ గుండె సర్జన్ల సంఘం లెఫ్ట్ మెయిన్ మార్గదర్శకాలకు మద్దతు ఉపసంహరించుకుంది. రోగి సంతకం చేసే ముందు తెలియాల్సింది ఆ రెండో లెక్కే.

కార్డియాలజిస్టుల జవాబూ కొట్టిపారేసేది కాదు. కచ్చితంగా గుండె, రక్తనాళాల జబ్బుతోనే పోయినవారు స్టెంట్‌తో 5.0, బైపాస్‌తో 4.5 శాతమే, తేడా స్వల్పం. నాలుగు ట్రయల్స్‌లోని 4,394 మందిని కలిపిన 2021 విశ్లేషణలో ఐదేళ్ల మరణాలు స్టెంట్‌తో 11.2, బైపాస్‌తో 10.2 శాతం. ఈ తేడా గణాంకపరంగా నిలవలేదు.

ఈలోగా పనితనమూ మారింది. నాళం లోపలికే అల్ట్రాసౌండ్ తీగ పంపి, స్టెంట్ గోడకు పూర్తిగా అతుక్కుందో లేదో చూస్తున్నారు. సున్నాన్ని షాక్‌వేవ్‌తో పగలగొడుతున్నారు. సంక్లిష్టమైన పూడికలున్న 1,639 మందిపై కొరియాలో చేసిన ట్రయల్ 2023లో వచ్చింది. లోపలి నుంచి చూస్తూ స్టెంట్ వేసినవారిలో వైఫల్యాలు 7.7 శాతం, యాంజియోగ్రామ్ ఒక్కటే చూసి వేసినవారిలో 12.3 శాతం.

2024 యూరప్ మార్గదర్శకాల ప్రకారం, ఆపరేషన్ ముప్పు తక్కువగా ఉన్న లెఫ్ట్ మెయిన్ రోగికి మొత్తమ్మీద బైపాసే ముందు. స్కోరు 22 దాటకుండా, స్టెంట్లతోనూ అంతే పూర్తిగా రక్తం అందించగలిగితే అదీ సరైన ప్రత్యామ్నాయమే. సర్జన్లు మొదటి వాక్యం చూపిస్తున్నారు, కార్డియాలజిస్టులు రెండోది. నిజానికి రెండూ కలిపి చదవాలి. అందుకే అత్యవసరం కానప్పుడు ఆ ఇద్దరూ కలిసి కూర్చుని నిర్ణయించాలని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి.