మేయర్ పేరు కింద పార్టీ ఎందుకు లేదు?

చిట్టితల్లీ, కన్నా,

అమ్మకు పోస్టులో వచ్చిన బ్యాలెట్‌ని ఇద్దరూ టేబుల్ మీద పరిచి చూశారట. గవర్నర్ పదవికి నిలబడ్డవాళ్ల పేర్ల కింద పార్టీ ఉంది, లాస్ ఏంజెలెస్ మేయర్‌కు నిలబడ్డవాళ్ల కింద లేదు. "అచ్చు వేసేవాళ్లు మర్చిపోయారా తాతయ్యా?" అని అడిగారు. మర్చిపోలేదురా. నగరం, కౌంటీ, బడి, న్యాయస్థానం పదవులకు ఎన్నికలు పార్టీరహితంగా జరగాలని కాలిఫోర్నియా రాజ్యాంగంలోనే ఉంది.

అమ్మమ్మ పచ్చళ్ల జాడీలు గుర్తున్నాయా? చీటీ మీద "మాగాయ" అని ఉంటే మూత తీయకుండానే అన్నంలోకి తెచ్చుకుంటాం. చీటీ ఊడిపోయిందనుకోండి, మూత తీయాలి, వాసన చూడాలి, కాస్త నాలిక్కి రాసుకోవాలి. పార్టీ పేరు ఆ చీటీ లాంటిది. చీటీ పీకేసినంత మాత్రాన లోపలి పచ్చడి మారదు, మన పని మాత్రం పెరుగుతుంది.

మరి పీకడం ఎందుకు? వందేళ్ల కిందట అమెరికా నగరాల్లో పార్టీ ముఠాలు పాతుకుపోయాయి. న్యూయార్క్‌లో టామనీ హాల్ అని ఒకటుండేది. ఉద్యోగాలూ కాంట్రాక్టులూ తమవాళ్లకే. చెత్త ఎత్తడానికీ మురుగు పోవడానికీ పార్టీ దేనికని సంస్కర్తలు పట్టుబట్టారు. పెద్ద నగరాల్లో ఎక్కువ భాగం ఆ దారి పట్టాయి. విచిత్రం, న్యూయార్క్ మాత్రం పట్టలేదు. 2003లో ఓటర్లను అడిగితే చీటీలు ఉండాల్సిందేనన్నారు.

మీ ఊళ్లో పద్ధతి ఇదీ. మేయర్‌కు నిలబడాలంటే 500 మంది ఓటర్ల సంతకాలు, 300 డాలర్ల రుసుము కావాలి. 1,000 సంతకాలు తెస్తే రుసుము అక్కర్లేదు. జూన్‌లో జరిగే ప్రైమరీలో, అంటే తొలి విడత ఎన్నికలో, పార్టీ భేదం లేకుండా అందరూ ఒకే వరుసలో ఉంటారు, ఓటర్లందరూ అందులోంచే ఎంచుకుంటారు. సగం ఓట్లు దాటినవాళ్లుంటే అక్కడితో సరి. లేకపోతే మొదటి ఇద్దరూ నవంబరులో మళ్లీ తలపడతారు.

2022లో అలాగే జరిగింది. కరెన్ బాస్, రిక్ కరూసో మిగిలారు. బాస్ డెమోక్రాట్. కరూసో ఒకప్పుడు రిపబ్లికన్, ఆ ఏడాది జనవరిలోనే డెమోక్రాట్‌గా నమోదయ్యాడు. అంటే చీటీలు అంటించినా రెండు జాడీల మీదా ఒకే పేరుండేది. రెండూ ఆవకాయే, కానీ ఒకదాంట్లో కారం ఎక్కువ, ఒకదాంట్లో ఆవపిండి ఎక్కువ. పోలీసుల సంఖ్య, రోడ్ల పక్కన గుడారాల్లో బతికేవాళ్ల సంగతి, ఇలాంటి వాటిలో తేడా రుచి చూసినవాళ్లకే తెలుస్తుంది. కరూసో ప్రచారానికి సొంత డబ్బు 10 కోట్ల డాలర్లకు పైగా పోశాడు. గెలిచింది బాస్.

ఇక చిక్కులు. చీటీ లేనప్పుడు తీరిక లేని ఓటరు తెలిసిన పేరు ఎక్కడుందా అని వెతుకుతాడు. టీవీలో పదిసార్లు వినిపించిన పేరుకు, ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్ల పేరుకు ఓటు పడుతుంది. ఏ పేరూ తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేస్తాడు. పార్టీలేమో ఎటూ పోవు, ఫలానా మనిషికి మా మద్దతు అని బయట ప్రకటిస్తూనే ఉంటాయి. డాలస్‌లో ఎరిక్ జాన్సన్ 2023 మే నెలలో మళ్లీ మేయరయ్యాడు. అంతకుముందు డెమోక్రాట్ శాసనసభ్యుడు. సెప్టెంబరులో రిపబ్లికన్‌నని ప్రకటించాడు. బ్యాలెట్ మీద ఏ చీటీ లేదు కనక మాట తప్పావని అనడానికీ నియమం లేదు.

మన తెలంగాణ పల్లెల్లో సర్పంచ్ ఎన్నికా పార్టీరహితమే. ఉంగరం, కత్తెర లాంటి గుర్తులిస్తారు, పార్టీ గుర్తులివ్వరు. ఎవరు ఎవరి మనిషో ఊరందరికీ తెలుసు, అయినా అది బాగానే నడుస్తుంది. ఎందుకంటే ఊళ్లో పచ్చడి ఎవరి చేతిదో మూత తీయకుండానే తెలుస్తుంది. బోరు పాడైతే ఎవరు పరిగెత్తుకొచ్చారో, ఎవరు ఫోను ఎత్తలేదో చూసినవాళ్లే ఓటేస్తారు. లాస్ ఏంజెలెస్‌లో దాదాపు 39 లక్షల మంది ఉన్నారు. అంత ఊళ్లో చీటీ లేని జాడీని ఎంచుకోవడం కష్టమే. అయినా చీటీ లేకపోవడమే నాకిష్టం, చదివే ఓపిక ఉన్నవాళ్లకు.

ఆ ఓపిక కోసమే ఒక చిన్న దారి ఉంది. బ్యాలెట్ మీద పేరు కింద సన్నటి అక్షరాలున్నాయి చూడండి. అభ్యర్థి వృత్తి అది, సాధారణంగా మూడు మాటలు దాటకూడదు. ఆ మూడు మాటల కోసం వాళ్లు ఎంత ఆలోచిస్తారో! "వ్యాపారి" అని ఊరుకోకుండా "చిన్న వ్యాపార యజమాని" అంటారు. ఏ మాట పెట్టారు, ఏ మాట దాచారు అన్నది చూస్తే సగం రుచి తెలుస్తుంది.

ఈ శనివారం అమ్మ పక్కన కూర్చోండి. బ్యాలెట్ మీద గీత పెట్టొద్దు, కవరు మీద అమ్మ సంతకమే ఉండాలి. మేయర్‌కు నిలబడ్డవాళ్లందరి మూడు మాటలూ ఒక కాగితం మీద పేర్లు లేకుండా రాసుకోండి. వాటిని బట్టి ఎవరు ఏం చేస్తారో ఊహించి, తర్వాత ఓటరు సమాచార పుస్తకంలో వాళ్లు రాసుకున్నది చదవండి. ఎక్కడెక్కడ తప్పు ఊహించారో నాకు రాయండి.

మీ
తాతయ్య