మీ 22 పేజీల పుస్తకం గురించి

సిరీ, చింటూ,

మొన్న ఫోన్లో మీరిద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి సగం నాకు అర్థం కాలేదు. అర్థమైన ముక్కేంటంటే ఫ్రెండ్స్ అందరూ కలిసి బట్టలు, ఇళ్ళు, మన బెజవాడ వీధుల్లో మనుషులు, వీటి మీద ఒక చిన్న మేగజైన్ వేద్దామనుకుంటున్నారు, 22 పేజీలు, పెద్దమ్మ ప్రెస్సులో పనిచేసింది కదా అని నన్ను అడుగుతున్నారు. మధ్యలో సిరి ఒక మాట అంది, "నీకు ఆ ఫారిన్ మేగజైన్లంటే ప్రాణం కదా పెద్దమ్మా, ఇప్పుడు పేరెత్తితే మూతి ముడుస్తావేంటి" అని. అప్పుడు నవ్వేసి ఊరుకున్నా గానీ రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. అందుకే ఇది రాస్తున్నా, పొడుగవుతుంది, మధ్యలో ఎగరగొట్టకుండా చదవండి.

ఈ పిచ్చి నాకు 1987లో పట్టింది. అప్పుడు హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పేస్టప్ చేసేదాన్ని. పేస్టప్ అంటే మీకు తెలీదు, అప్పుడు మా దగ్గర కంప్యూటర్లు లేవు, అచ్చు అక్షరాలు బ్రోమైడ్ కాగితం మీద వచ్చేవి, వాటిని బ్లేడుతో కోసి షీటు మీద లైను తప్పకుండా అంటించాలి, వెంట్రుకవాసి వంకరొచ్చినా మా ఫోర్‌మన్ గారు పీకించేవారు. పెళ్ళి కార్డులు, కాలేజీ సావనీర్లు, మందుల లేబుళ్ళు, అదే లోకం. ఆదివారం వస్తే ఆబిడ్స్‌కి పోయేదాన్ని. షాపులు మూసేసి ఉంటాయి కదా, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు, ఇప్పటికీ పరుస్తున్నారు. అక్కడ ఇంజనీరింగ్ గైడ్ల గుట్ట కింద దొరికింది ఐ-డి (i-D) అనే లండన్ మేగజైన్. అట్ట మీద ఒకమ్మాయి ఒక కన్ను మూసి కొంటెగా చూస్తోంది. 15 చెప్పాడు, 8 రూపాయలకి బేరం తెగింది.

లోపల చూస్తే అక్షరాల మీద అక్షరాలు ఎక్కేసి ఉన్నాయి, హెడ్డింగు వంకరగా పోయి బొమ్మలోకి దూరిపోయింది, రంగులు కళ్ళలో పొడిచినట్టున్నాయి. మర్నాడు ప్రెస్సుకి పట్టుకెళ్ళి చూపిస్తే ఫోర్‌మన్ గారు అటూ ఇటూ తిప్పి, "ఇవి వేస్టేజీ షీట్లమ్మా, ఎవడో తెలీక బైండింగ్ చేసేశాడు" అన్నారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి వంకర గీత చూస్తే భయం పోయింది.

దాని కథ తర్వాత తెలుసుకున్నా. టెర్రీ జోన్స్ అని బ్రిటిష్ వోగ్ అనే పెద్ద ఫ్యాషన్ మేగజైన్‌లో ఆర్ట్ డైరెక్టరుగా చేసి మానేసినాయన 1980లో మొదలెట్టాడు. మొదటి సంచికలు టైప్‌రైటర్ మీద కొట్టి, చేత్తో పిన్నులు వేసినవి, ధర 50 పెన్సులు. అట్ట మీద ఎవరున్నా సరే ఒక కన్ను మూయాలి లేదా కప్పుకోవాలి, ఎందుకంటే ఐ-డి అన్న ఇంగ్లీషు అక్షరాలని పక్కకి తిప్పితే కన్నుకొట్టి నవ్వే మొహంలా ఉంటుంది. వోగ్‌లో పనిచేసినాయన బయటికొచ్చి పిన్నులు కొట్టుకోవడం చూడండి, నాకు ముందు నచ్చింది అదే.

అంతకన్నా నచ్చింది ఫోటోల పక్కన రాత. స్టీవ్ జాన్‌స్టన్ అనే ఫోటోగ్రాఫర్ లండన్ కింగ్స్ రోడ్డులో పోయేవాళ్ళని ఆపి, గోడ ముందు నిలబెట్టి, తల నుంచి కాలిదాకా తీసేవాడు. వీటిని స్ట్రెయిట్-అప్ అంటారు. ఏం వేసుకున్నావు, ఎక్కడ కొన్నావు, ఏం పాటలు వింటావు అని అడిగి పక్కన రాసేవాళ్ళు. ఇంతే, ఇంకేం లేదు. మోడల్స్ కాదు, దారినపోయేవాళ్ళు. అప్పటిదాకా నాకు ఫ్యాషన్ అంటే ఫెమినాలో కనిపించే నైలాన్ చీర, అది మనది కాదు, మనం చూసి పెట్టేయాల్సిందే. ఇక్కడ మాత్రం సెకండ్‌హ్యాండ్ కోటు వేసుకున్నవాడు కూడా సంచికలో మనిషే. మరి అమ్మ పాత వెంకటగిరి చీర చింపి చుడీదార్ కుట్టించుకున్న నేనెందుకు కాదు? ఆ ఏడాదంతా తలెత్తుకు తిరిగాను, మీ అమ్మని అడగండి చెప్తుంది.

ది ఫేస్ కూడా ఆబిడ్స్‌లోనే దొరికేది, అదీ 1980లోనే నిక్ లోగన్ పెట్టాడు. నెవిల్ బ్రోడీ అందులో అక్షరాలే కొత్తగా గీసేవాడు, నేనవి ట్రేసింగ్ పేపర్ మీద దించుకుని ఒక పెళ్ళి కార్డుకి వాడితే పెళ్ళికొడుకు నాన్నగారు వచ్చి గొడవ. 1992లో ఒక పాటగాడు ది ఫేస్ మీద పరువునష్టం దావా వేసి గెలిస్తే కోర్టు వాళ్ళని 2 లక్షల పౌండ్లు కట్టమంది, అప్పుడు మూతపడకుండా కాపాడ్డానికి పాఠకులు డబ్బులు పంపారు. అది చదివి నాకు ఎంత గర్వమంటే, నేనేదో చందా ఇచ్చినట్టు. చివరికి 2004లో ఆగిపోయిందనుకోండి, 2019లో మళ్ళీ వచ్చింది గానీ ఎందుకో నాకు దాని మీద మనసు పోలేదు.

ఇంకోటి చెప్పాలి. డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్ అని, 1991లో ఇద్దరు కుర్రాళ్ళు, జెఫర్సన్ హ్యాక్, ర్యాంకిన్, లండన్ ప్రింటింగ్ కాలేజీలో కలుసుకున్నవాళ్ళు, ఒకే ఒక పెద్ద కాగితం మడతపెట్టి పోస్టరులా మొదలెట్టారు. (ప్రింటింగ్ కాలేజీ వాళ్ళు కాబట్టి నాకు ఎక్స్‌ట్రా అభిమానం.) 1998 సెప్టెంబరు సంచికకి డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ గెస్ట్ ఎడిటర్, వికలాంగులతోటే ఫ్యాషన్ ఫోటోలు తీయించాడు, నిక్ నైట్ తీశాడు. రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద లేని అథ్లెట్ ఎయిమీ మలిన్స్ అట్ట మీద పరుగుపందెం కాళ్ళు తగిలించుకుని నిలబడింది. మూడేళ్ళ తర్వాత నా చేతికి వస్తే పరుగెత్తుకెళ్ళి మీ మామయ్యకి చూపించా, వాడికి చిన్నప్పుడే పోలియో కదా, కాలికి కాలిపర్ కట్టుకునే తిరుగుతాడు. చూసి ఏడుస్తాడో ఏంటో అనుకున్నా. వాడు పేజీలన్నీ తిరగేసి, "చెప్పుల సైజు రాశారా? నాకు కుడికాలు 5, ఎడమకాలు 7, ప్రతిసారీ రెండు జతలు కొంటున్నా" అన్నాడు. నేను ఏడ్చాను, వాడు టీ తాగి పోయాడు.

సరే, ప్రేమ చాలు, ఇప్పుడు అసలు సంగతికొస్తా.

2014లో మీ స్వప్నక్క లీడ్స్ నుంచి వస్తూ కిన్‌ఫోక్ అని తెచ్చింది. 2011లో అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో మొదలై తర్వాత కోపెన్‌హాగెన్‌కి మారిన పత్రిక. దాంతోపాటే సీరియల్ అని ఇంగ్లండ్ ది. మెరుపులేని మందపాటి కాగితం, పేజీలో మూడొంతులు ఖాళీ, ఒక చెక్క బల్ల, దాని మీద ఒక్క గిన్నె, గిన్నెలో ఒక్క అంజూర పండు. కాగితం ముట్టుకుంటే చాలు నాకు ప్రాణం లేచొచ్చింది, ప్రెస్సు దాన్ని కదా, ముందు వాసన చూసి తర్వాతే చదువుతా. నలుగురిని పిలిచి భోజనం పెట్టడం ఎలా అన్నదే మొదట్లో దాని సబ్జెక్టు, చక్కటి విషయమే. మన ఇళ్ళలో దాని మీద పుస్తకం అక్కర్లేదనుకోండి.

ఇక చూడండి నా వేషాలు. గోడ మీద క్యాలెండర్ తీసేశా. దేవుడి పటాలు అమ్మ ఒప్పుకోలేదు, లేకపోతే అవీ పోయేవే. పోపుల డబ్బా, స్టీలు డబ్బాలన్నీ అటక ఎక్కించి నాలుగు గాజు సీసాలు పెట్టా. కిటికీలకి తెల్ల కర్టెన్లు, రోడ్డు పక్క ఇల్లు, వారానికే అవి కాఫీ రంగుకొచ్చాయి. ఇంత చేసినా ఆ ఫోటోలా రాదే! చివరికి అర్థమైంది, ఆ వెలుగు వాళ్ళ మబ్బు ఆకాశానిది, మెత్తగా వస్తుంది, మనకి మధ్యాహ్నం కిటికీ తెరిస్తే ఎండ నేల మీద చాకుతో కోసినట్టు పడుతుంది, దానికి తగ్గట్టే మన అరుగులు, చూరులు, ముదురు రంగులు. అమ్మ మాత్రం నాలుగోరోజు కుర్చీ వేసుకుని అటక దగ్గర నిలబడి, "నా డబ్బాలు నాకు దించు, నీ పుస్తకంలో వాళ్ళు మిరపకాయలు తినరేమో" అంది. 78 ఏళ్ళ మనిషి కుర్చీ ఎక్కేలా చేశానని ఇప్పటికీ సిగ్గే.

అప్పటి నుంచి కోపం మొదలైంది. కిన్‌ఫోక్, సీరియల్, వాటి తర్వాత వాటిలాంటివే ఇంకో పాతిక, పేరు మూసేస్తే ఏది ఏదో చెప్పలేం. ఐ-డిలో దారినపోయేవాడు నాలా ఉన్నాడని నేను సంబరపడ్డాను, వీటిలో నేను వాళ్ళలా లేనని కుంగిపోతున్నాను. తప్పు పుస్తకానిదా నాదా అని ఆలోచించి, ప్రెస్సు మనిషిని కాబట్టి చివరికి లెక్కలోకి దిగాను.

చూడండి, కాగితం, అచ్చు, బైండింగు, రవాణా, ఆపైన షాపువాడి కమీషన్, అమ్ముడుపోనివి వెనక్కి. ఇవన్నీ పోగా అట్ట మీద ధరతో బతకడం కష్టం. కాబట్టి యాడ్లు కావాలి, అవి ఇచ్చేది పెద్ద ఫ్యాషన్ హౌసులు. యాడ్ ఇచ్చినవాడు తన బట్టలు లోపలి పేజీల్లో కూడా కనపడాలనుకుంటాడు, పైనుంచి కిందదాకా మాదే వేయాలి, పక్కవాడి చొక్కా కలపకూడదు అనే రూలు ఒకటి ఉంది, ఫుల్ లుక్ అంటారు దాన్ని. అంటే "కోటు సంతలో కొన్నా, గౌను అమ్మ కుట్టింది" అన్న రాత అక్కడ ఇక పడదన్నమాట. ఫోటో తీసే కుర్రాళ్ళకి చాలాచోట్ల పైసా రాదు, పేరొస్తే యాడ్ పని దొరుకుతుందని చేతి డబ్బు పెట్టుకుంటారు. ఇంకోదారి, పత్రికతోపాటు కంపెనీలకి యాడ్లు చేసిపెట్టే ఏజెన్సీ నడపడం, మోనకుల్ అనే పత్రిక పెట్టిన టైలర్ బ్రూలే అలాగే చేశాడు. ఐ-డి కథ తెలుసా? 2012లో వైస్ అనే కంపెనీ కొన్నది, 2023లో వాళ్ళు దివాలా తీస్తే కార్లీ క్లాస్ అనే మోడల్ నడిపే కంపెనీ చేతికి వెళ్ళింది. పిన్నులు కొట్టి మొదలెట్టింది!

ఇదంతా తెలిశాక కొన్నాళ్ళు వాటి మొహం చూడలేదు, మోసం మోసం అని అందరితో అన్నాను, సిరి విన్నది అదే. తర్వాత ఒకరోజు మా పాత ప్రెస్సు గుర్తొచ్చింది. మా ఓనరు గారు పనిలేని నెలల్లో కవుల పుస్తకాలు కాగితం ఖర్చుకే వేసిపెట్టేవారు. ఆ ఖర్చు ఎక్కడి నుంచి వచ్చేది? దగ్గుమందు లేబుళ్ళ నుంచి. ఆ కవిత్వం దగ్గుమందు కవిత్వమని నేనెప్పుడూ అనుకోలేదు కదా. అక్కడికి కోపం సగం దిగింది. పూర్తిగా దిగలేదు, ఫుల్ లుక్ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మండుతుంది.

ఇప్పుడు కూడా చూస్తా, రెండు మూడే. అపార్టమెంటో అని 2008లో మొదలైంది, బార్సిలోనా వాళ్ళది, ఇళ్ళ మీదే, కానీ సింకులో గిన్నెలు సింకులోనే ఉంటాయి, మంచం మీద దుప్పటి మడత పెట్టరు. ది జెంటిల్‌వుమన్, 2010ది, ఏడాదికి రెండే సంచికలు. 2012లో దాని అట్ట మీద ఎవర్ని వేశారో తెలుసా, నటి ఏంజెలా లాన్స్‌బరీని, 80 దాటిన మనిషి. మిగతావాటిలా అది అటక మీద పెట్టెలో లేదు, నా మంచం పక్కనే ఉంది.

ఇక మీ పుస్తకం. 22 పేజీలు కుదరవమ్మా. మధ్యలో పిన్ను కొట్టాలంటే ఒక కాగితం మడిస్తే 4 పేజీలు, కాబట్టి ఎంతైనా 4తో భాగించబడాలి, 20 చేయండి లేదా 24. ఆర్ట్ పేపర్ వద్దు, ఖర్చు, పైగా మెరుపుకి చదవలేం, లోపలికి 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల బరువు) మ్యాప్‌లిథో, అంటే మెరుపులేని మామూలు అచ్చు కాగితం, వేయండి. యాడ్ల కోసం అప్పుడే తిరగొద్దు, మొదటి సంచిక డబ్బు నేనిస్తా, లేబుళ్ళ డబ్బు కొంచెం ఇంకా ఉంది. నా ఓటు 24కే. ఆ మిగిలిన రెండు పేజీల్లో మీ వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని, పూలమ్మే ఆవిడని గోడ ముందు నిలబెట్టి ఫోటోలు తీయండి, వాళ్ళని అడిగి, వాళ్ళకి ఒక కాపీ ఇస్తామని చెప్పి. ఏం కట్టుకున్నారో, ఎక్కడ కొన్నారో, ఎవరు కుట్టారో, ఎంతయిందో పక్కన రాయండి. ఫోటో నిలువుగా, కాళ్ళు కోసేయకుండా. చెప్పుల సైజు కూడా రాయండి, మామయ్య అడుగుతాడు.

మీ పెద్దమ్మ