కాలువను మోసే వంతెనకు స్పాను (స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం) ఎంత ఉండాలి?

పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల్లో కొండల మీద గట్టి వాన కురిస్తే, అంతవరకూ ఎండి ఉన్న గెడ్డ (కొండవాగు) కొద్ది గంటల్లోనే ఒడ్లు ఒరుసుకుని పారుతుంది. సాగునీటి కాలువ అటువంటి గెడ్డను దాటవలసి వచ్చినప్పుడు, కింద వరదకు దారి విడిచి, కాలువ నీటిని కాంక్రీటు తొట్టిలో పైనుంచి నడిపించే కట్టడమే అక్విడక్టు.

రోడ్డు వంతెన మీద బండ్లు వస్తాయి, పోతాయి. అక్విడక్టు మీద బరువు మాత్రం కాలువ పారినన్నాళ్లూ దిగదు. 4 మీటర్ల వెడల్పు తొట్టిలో 2 మీటర్ల లోతు నీరుంటే, కాంక్రీటు సొంత బరువు కాక, ప్రతి మీటరు పొడవుకూ 8 టన్నుల బరువు పడుతుంది. లోతు పెంచి వెడల్పు తగ్గిద్దామంటే పక్కగోడలు బలంగా కట్టవలసి వస్తుంది. ఎందుకంటే నీటి ఒత్తిడి వల్ల గోడ మొదట్లో కలిగే బెండింగ్ మూమెంట్, అంటే గోడను వంచే ప్రభావం, లోతు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. లోతు 2 మీటర్ల నుంచి 3 మీటర్లయితే అది సుమారు 3.4 రెట్లవుతుంది. అయితే నీటిని ఆపే ఆ గోడల చేతనే స్తంభానికీ స్తంభానికీ మధ్య దూలం పని కూడా చేయించవచ్చు. ఈ డిజైన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి అదే.

వైనతేయ గోదావరిపై కోనసీమలోని గన్నవరం దగ్గర 1850లలో కట్టిన పాత అక్విడక్టు వరుస కమానుల మీద నిలిచింది. ఉక్కు చువ్వల కాంక్రీటు వచ్చాక స్పాను ఎంచుకునే వెసులుబాటు పెరిగింది. కానీ స్పాను రెట్టింపయితే బెండింగ్ మూమెంట్ నాలుగు రెట్లవుతుంది. తగ్గిస్తే స్తంభాల సంఖ్య పెరుగుతుంది. స్థూలంగా లెక్కిస్తే, పునాదితో సహా ఒక స్తంభానికయ్యే ఖర్చు, ఒక స్పాను ఖర్చులో దాని పొడవు వర్గాన్ని బట్టి పెరిగే భాగానికి సమానమైన చోట మొత్తం ఖర్చు కనిష్ఠమవుతుంది. ఇసుక, గుండ్రాళ్లు నిండిన గెడ్డలో వరద కోతకు అందనంత లోతుకు పునాది దించడం ఖరీదైన పని కాబట్టి అక్కడ పొడవు స్పాన్లు మేలు. రాతి పొర పైనే తగిలితే పొట్టి స్పాన్లు చాలు.

ఆ కనిష్ఠ బిందువు దగ్గర ఖర్చు రేఖ దాదాపు సమతలంగా ఉంటుంది. స్పాను 20 శాతం అటూ ఇటూ అయినా, పై రెండు ఖర్చుల మొత్తం 3 శాతం లోపే పెరుగుతుంది. అందువల్ల సెంటీమీటర్ల కోసం పెనుగులాడడం కన్నా, స్పాన్లన్నిటినీ ఒకే కొలతకు తెచ్చి, ఒకే సెంట్రింగ్‌ను (కాంక్రీటు పోసేందుకు కట్టే తాత్కాలిక అచ్చును) మళ్లీ మళ్లీ వాడేలా డిజైన్ చేయడమే ఎక్కువ ఆదా.