కుళాయి నీటిలో కరిగిన రాయి

కుళాయి మూతి చుట్టూ పేరుకునే తెల్లటి పొరను గోటితో గీకి చూడండి, ఊడిరాదు. తడిగుడ్డతో రుద్దినా పోదు. చాలామంది దాన్ని ఉప్పు అనుకుంటారు గానీ, ఉప్పే అయితే నీళ్లు తగలగానే కరిగిపోవాలి కదా! అది ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. సున్నపురాయి, పాలరాయి, గుడ్డు పెంకు ప్రధానంగా ఆ పదార్థమే.

రాయి నీళ్లలోకి ఎలా వచ్చిందంటే, వాననీరు గాలిలోంచి, అంతకంటే ఎక్కువగా మట్టిలోంచి కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొద్దిగా ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. భూమిలోకి ఇంకుతూ సున్నపురాయి, డోలమైట్ వంటి శిలలను కరిగించి, కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లను వెంట తీసుకొస్తుంది. రాతి మధ్య ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఎక్కువ కరిగించుకుంటుంది కాబట్టి, ఊరికి భూగర్భ జలం సరఫరా అయ్యే చోట ఈ బెడద ఎక్కువ. కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 60 మిల్లీగ్రాముల లోపుంటే మృదుజలం, 120 దాటితే కఠినజలం, 180 దాటితే మరీ కఠినజలం అని స్థూలంగా చెబుతారు.

ఆ రాయిని నీళ్లలో కరిగి ఉండేలా చేస్తున్నది కార్బన్ డయాక్సైడే. నీళ్లు కాచామంటే ఆ వాయువు ఎగిరిపోతుంది, కరిగిన రాయి మళ్లీ గట్టిపడి బయటపడుతుంది. పైగా చక్కెరలా కాకుండా, కాల్షియం కార్బొనేట్ వేడినీటిలో ఇంకా తక్కువ కరుగుతుంది. ఈ తెల్లటి పొర, అంటే గార, గీజర్లో, కెటిల్లో అంతగా పట్టడానికి కారణం ఇదే. అన్నిటికంటే వేడిగా ఉండే రాడ్డుకే అది ముందు పడుతుంది.

ఆ గార రాగితో పోలిస్తే వంద రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. మంటతో నీళ్లు కాచే బాయిలర్లో దీనివల్ల ఇంధనం నేరుగా వృథా అవుతుంది, వేడి నీటికి చేరక పొగగొట్టం గుండా పోతుంది. విద్యుత్ గీజర్ సంగతి వేరు. రాడ్డు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి వేడి ఆలస్యంగానైనా నీటికే చేరుతుంది, కరెంటు నష్టం తక్కువ. దెబ్బ తినేది రాడ్డు. పైపొర వేడిని అడ్డుకోవడంతో లోపల విపరీతంగా కాగి, ముందుగానే కాలిపోతుంది. గీజర్లోంచి చిటపట శబ్దాలు వస్తున్నాయంటే, గార సందుల్లో ఇరుక్కున్న నీరు ఒక్కసారిగా ఆవిరవుతూ ఉండవచ్చు. అప్పుడే విప్పించి శుభ్రం చేయించడం మేలు.

రెండో దెబ్బ సబ్బుకు. మూత ఉన్న గాజు సీసాలో సగం వరకు కుళాయి నీళ్లు పోసి, కాస్త సబ్బు తురుము వేసి గట్టిగా కుదపండి. డిటర్జెంట్ వద్దు, అసలైన సబ్బే కావాలి. నీళ్లు పాలలా తెల్లబారి, విరిగినట్టు తునకలు తేలతాయి, నురగ పెద్దగా రాదు. అదే పని వాననీటితో చేస్తే సీసా మెడ దాకా నురగే. సబ్బు అణువులు సోడియంను వదిలి కాల్షియంను పట్టుకుని, నీటిలో కరగని జిడ్డుగా మారడం మీ కళ్ల ముందే జరుగుతుంది. బకెట్ అంచున బూడిదరంగు చార, తువ్వాళ్ల గరుకుతనం, తలస్నానం చేసినా జుట్టు పీచులా ఉండడం, అన్నీ దీని చలవే. కాల్షియం మొత్తం అయిపోయే దాకా సబ్బు మురికి జోలికే సరిగా పోదు. డిటర్జెంట్లు ఈ చిక్కును చాలావరకు తప్పించుకుంటాయి.

వంటలోనూ కొంత ప్రభావం ఉంది. గింజల కణగోడల్లోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని కాల్షియం బిగించడంతో పప్పుధాన్యాలు ఆలస్యంగా ఉడుకుతాయి.

తాగడం గురించి భయం అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యానికి ఆరోగ్యం దృష్ట్యా పరిమితేమీ పెట్టలేదు. కిడ్నీలో రాళ్లు ఈ నీళ్ల వల్లే వస్తాయన్న నమ్మకానికీ గట్టి ఆధారం లేదు. టీడీఎస్ మీటరులో అంకె చూసి హడలిపోకండి. కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో అది అంచనా వేస్తుందే తప్ప, కాల్షియం, మెగ్నీషియంల వాటా ఎంతో చెప్పలేదు. కాఠిన్యం తెలియాలంటే దానికి వేరే పరీక్ష ఉంది.

మరి విరుగుడు? 1841లో స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ క్లార్క్ ఒక పద్ధతికి పేటెంటు పొందాడు: సున్నపు నీళ్లను సున్నంతోనే బాగుచేయడం! తడిసున్నం బైకార్బొనేటుతో కలిసి, ఆ రూపంలో ఉన్న కాల్షియంను చాలావరకు అడుగుకు దించేస్తుంది. నీటిశుద్ధి కేంద్రాల్లో నేటికీ ఇది వాడుకలో ఉంది, అయితే ఇంట్లో చేసే పని కాదు. ఇంట్లో కెటిల్ గారకు సిట్రిక్ యాసిడ్ గానీ వెనిగర్ గానీ చాలు. కార్బన్ డయాక్సైడు బుడగలు పొంగుతూ గార కరిగిపోతుంది. పాలరాయి నేల మీద మాత్రం ఒలకనీయకండి, అదీ కాల్షియం కార్బొనేటే. ఆమ్లాన్ని బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది.

వాటర్ సాఫ్టనర్ కాల్షియంను పట్టుకుని, బదులుగా సోడియంను వదులుతుంది. 300 మిల్లీగ్రాముల కాఠిన్యం తీస్తే లీటరుకు సుమారు 138 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. గీజర్‌కు, వాషింగ్ మెషీన్‌కు అది బాగానే ఉంటుంది. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవారు ఇంట్లో ఉంటే, తాగునీటి కుళాయిని దానికి కలపకుండా విడిగా ఉంచుకోవాలి.