నల్లకాగితం మీద ఏనుగు: పిల్లల కళా శిబిరాల గురించి అపోహలు, వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల బడుల్లో పిల్లలతో సినిమా, సంగీతం, బొమ్మల వర్క్‌షాపులు నడపడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. ప్రతిసారీ కొత్త బడి, కొత్త పిల్లలు. పెద్దల నుంచి మాత్రం అవే పాత మాటలు వినిపిస్తాయి. ఆ మాటల్లో చెడ్డ ఉద్దేశం ఉండదు. అయినా వాటి వల్ల పిల్లలు చేతిలోని రంగుముక్కను పక్కన పెట్టేయడం చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అపోహ: సినిమా నేర్పాలంటే కెమెరాలు, కంప్యూటర్లు, బోలెడంత డబ్బు కావాలి.

మొదటి రోజు నేను ఏ పరికరమూ బయటికి తీయను. గుండ్రంగా కత్తిరించిన అట్టకు ఒక వైపు పంజరం, మరో వైపు చిలుక గీయమంటాను. అట్టకు ఎడమన ఒకటి, కుడిన ఒకటి దారం కట్టి వేళ్లతో గిరగిరా తిప్పితే చిలుక పంజరంలోకి వచ్చేస్తుంది. 1820ల నాటి ఆట ఇది. సినిమా పుట్టుకకు దారి తీసినవాటిలో ఇదీ ఒకటి. వెనుక బొమ్మను తలకిందులుగా గీయాలన్న సంగతి నేను ముందుగా చెప్పను. చిలుక కాళ్లు పైకి పెట్టి కనిపించగానే పిల్లలే అట్టను అటూ ఇటూ తిప్పి కారణం పట్టుకుంటారు. ఆ పది నిమిషాల గందరగోళాన్ని చూసి ఓర్చుకోలేక ‘ఇలా గీయాలమ్మా’ అని చెప్పేశామా, పాఠం అక్కడితో పోయినట్టే.

తర్వాత అయిదుగురికి ఒక ఫోను ఇస్తే చాలు. థియేటర్‌లో సినిమా సెకనుకు 24 చిత్రాలతో నడుస్తుంది. వస్తువులను కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీసి కదిలించే పద్ధతిలో 12 సరిపోతాయి. పది సెకన్ల కథకు 120 ఫొటోలు. మా పిల్లల మొదటి నటీనటులు ఎప్పుడూ చింతపిక్కలే. ఫోను కదలకుండా రెండు ఇటుకల మధ్య నిలబెడతాం.

ఇంకో అభ్యాసం నాకు చాలా ఇష్టం. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి చూపించిన తొలి చిత్రాలు ఒక్కొక్కటి ఒక నిమిషం కూడా ఉండవు. కెమెరా కదలదు, కోత ఉండదు. పిల్లలను కూడా అలాగే ఒకే చోట నిలబడి 50 సెకన్లు తీయమంటాను. ఒక అమ్మాయి మధ్యాహ్న భోజనం దగ్గరి కుళాయిని తీసింది. అందరం కలిసి చూస్తున్నప్పుడు, ‘చిన్న క్లాసు పిల్లలకు చివరిదాకా కుళాయి అందడం లేదు సార్’ అంది. రోజూ చూసే కుళాయే అది. తెర మీద చూశాకే ఆ సంగతి ఆమెకు తెలిసింది. ఆ మాట విన్న ఉపాధ్యాయురాలు మర్నాడే చిన్నవాళ్లను ముందు పంపడం మొదలుపెట్టారు.

అపోహ: సినిమా అంటే నటన. చురుకైన నలుగురికి తప్ప మిగతావారికి పని ఉండదు.

శబ్దం సంగతి ఎవరూ ఆలోచించరు. చేటలో బియ్యం మెల్లగా దొర్లిస్తే వాన. రెండు కొబ్బరి చిప్పలు కొడితే గుర్రం. పాలిథిన్ కవరు నలిపితే మంట. వెనుక బెంచీలో నోరు విప్పని పిల్లలు ఈ పనిలో ఎంత ముందుంటారో చూడండి.

అపోహ: బొమ్మలు వేయడం పుట్టుకతో రావాలి. రానివాళ్లకు తప్పులు దిద్ది నేర్పాలి.

ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఇల్లు గీస్తే గోడలోంచి లోపలి మంచం, పొయ్యి, అమ్మ కూడా కనిపిస్తాయి. అమ్మ ఇంటికంటే పెద్దగా ఉంటుంది. అది తప్పు కాదు. ఆ వయసులో పిల్లలు కంటికి కనిపించినది కాకుండా తమకు తెలిసినదాన్ని, ముఖ్యమనిపించినదాన్ని గీస్తారు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళావిద్యావేత్త ఈ దశలను వయసులవారీగా వివరించాడు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకు ‘నిజంలా ఉండాలి’ అన్న పట్టుదల మొదలవుతుంది. తమ బొమ్మ అలా లేదని తామే నొచ్చుకుంటారు. ‘నాకు బొమ్మలు రావు’ అనే మాట నేను ఎక్కువగా వినేది అయిదు, ఆరు తరగతుల్లోనే. సరిగ్గా అప్పుడే మనం ఎర్ర పెన్ను పట్టుకుని వెళ్తే ఇక ఆ పిల్లలు జీవితంలో బొమ్మ గీయరు.

పలమనేరు వైపు ఒక బడిలో ఒక అబ్బాయి కాగితం మొత్తం నల్ల క్రేయాన్‌తో రుద్దాడు. చిన్న తెల్లటి గీతలు రెండు మాత్రం వదిలాడు. ఆ ఊళ్లవాళ్లకు కౌండిన్య అడవి నుంచి ఏనుగులు రాత్రిపూట పొలాల మీదికి రావడం తెలుసు. ఆ చీకటి రాత్రి, ఆ రెండు దంతాలు. నేను చూసిన పిల్లల బొమ్మల్లో అంత భయం ఉన్న బొమ్మ మరొకటి లేదు. సాయంత్రం ప్రదర్శన ఉంది. నేను భోజనానికి వెళ్లి వచ్చేలోపు ‘ఏనుగు ఎక్కడుందో ఎవరికీ అర్థం కాదు కదా’ అని ఒక పెద్దాయన దాని మీద బూడిదరంగు ఏనుగును చక్కగా గీసి పెట్టారు. తొండం, తోక, నవ్వుతున్న కళ్లు. ప్రేమతో చేసిన పనే. ఆ అబ్బాయి ఆ కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లలేదు. ఆ రోజు నుంచి నా వర్క్‌షాపుల్లో ఒకటే నియమం: పిల్లల కాగితం మీద పెద్దల గీత ఒక్కటి కూడా పడకూడదు. చూపించాల్సి వస్తే వేరే కాగితం తీసుకోవాలి.

అపోహ: మన స్థానిక కళ నేర్పడమంటే అచ్చు బొమ్మలిచ్చి రంగులు నింపించడం.

శ్రీకాళహస్తి కలంకారీ పేరుతో చాలా బడుల్లో జరిగేది ఇదే. నకలు నెమలికి స్కెచ్ పెన్నులతో రంగులు. కలంకారీ గొప్పదనం దాన్ని తయారుచేసే పద్ధతిలో ఉంది. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే కసిం అనే నల్లరంగు ద్రవం తయారవుతుంది. వెదురు పుల్లకు బట్ట చుట్టి, దారం కట్టి, దాన్ని కసింలో ముంచి వేళ్లతో నొక్కుతూ గీయాలి. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసేసరికి గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. ఆ క్షణంలో తరగతి గది ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. ఏం గీయాలన్నది పిల్లల ఇష్టం. మాకు ఆటోలు, బోరుబావి, క్రికెట్ బ్యాటు అన్నీ వచ్చాయి. వర్క్‌షాపుకు నెల ముందే వెళ్లి పిల్లలతో కసిం కుండ పెట్టిస్తాను. మూత తీసి వాసన చూడటానికి ఎవరి వంతు ఏ రోజో వాళ్లే పట్టిక రాసుకుంటారు.

అపోహ: గొంతు బాగుంటేనే సంగీతం.

నగరిలో మరమగ్గాల పక్కన పెరిగిన పిల్లలను బల్ల మీద మగ్గం చప్పుడు వాయించమనండి. లయ తెలియని పిల్లలు ఒక్కరూ కనిపించరు. గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి పుల్లతో కొడితే నీళ్లు ఎక్కువున్న గ్లాసు తక్కువ శ్రుతి పలుకుతుంది. అదే సీసా మూతి దగ్గర ఊదితే నీళ్లు ఎక్కువున్నదే ఎక్కువ శ్రుతి పలుకుతుంది. ఎందుకలా అని ఒక పూటంతా వాదించుకుంటారు. గ్లాసును కొట్టినప్పుడు గాజు, నీళ్లు కదులుతాయి, ఊదినప్పుడు లోపలి గాలి కదులుతుంది. ఆ జవాబు వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా ఆగుతాను.

తిరుపతి పిల్లలకు అన్నమయ్య కీర్తనలు చెవుల్లో నానినవే. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద పాట, రాగం పేరు ఉంటాయి కానీ పాడే వరుస ఉండదని, మనం వినే వరుసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు గత శతాబ్దంలో కట్టినవని చెబితే కళ్లు పెద్దవి చేస్తారు. ‘అయితే మేమూ కట్టవచ్చా?’ అని అడుగుతారు. తాము రాసుకున్న నాలుగు వాక్యాలకు తామే వరుస కట్టుకుంటారు. శ్రుతి తప్పినా నేను ఆపను.

అపోహ: మా పిల్లలకు సిగ్గు, ముందుకు రారు.

తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, తోటి వేషం వేసుకుని వీధుల్లో తిరిగేది ఈ పిల్లలే. ముఖానికి నామం, కుంకుమ, బొగ్గు పడగానే మనిషి మారిపోతాడని వాళ్లకు మనకంటే బాగా తెలుసు. సిగ్గంతా మైకు చూసి. మైకు తీసేయండి.

అపోహ: చదువు వెనకబడుతుంది.

కళ వల్ల లెక్కల్లో మార్కులు పెరుగుతాయని చెప్పి ఒప్పించమని నాకు సలహా ఇచ్చేవారున్నారు. నేను అలా చెప్పను. బొమ్మ గీయడానికి, పాట కట్టడానికి పిల్లలకు ఇంకో కారణం అవసరం లేదు. వారానికి రెండు గంటలు కలిపి ఇవ్వండి, అంతే అడుగుతాను. 45 నిమిషాల పీరియడ్‌లో రంగులు కలిపేసరికే గంట కొడతారు.

అపోహ: చివర్లో ప్రదర్శన అదిరిపోవాలి, వీడియోలు నెట్‌లో పెడితే పిల్లలకు ప్రోత్సాహం.

తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, పిల్లల ఇష్టం రెండూ లేకుండా ఒక్క ముఖం కూడా బయటికి వెళ్లకూడదు. ఏ బడి పిల్లలో తెలిసేలా యూనిఫాం, పేరు కనిపించకూడదు. నేనైతే బొమ్మలనే పంచుకుంటాను, పిల్లలను కాదు.

ప్రదర్శన పెడితే మంచివి ఏరి పెట్టకండి. గీసిన ప్రతి కాగితమూ గోడ మీదికి రావాలి, అదీ మన కంటి ఎత్తులో కాకుండా రెండో తరగతి పిల్లల కంటి ఎత్తులో. పెద్దవాళ్లు వంగి చూస్తారు. పక్కన బొమ్మ గీసినవాళ్లే నిలబడి అది ఏమిటో చెప్పాలి. ‘ఏనుగు ఎక్కడుంది?’ అని అడిగితే, ‘చీకట్లో ఉంది’ అని జవాబు చెప్పే అవకాశం వాళ్లకు ఉండాలి.