గ్రీకు కంచు నాణేలు: అపోహలు – వాస్తవాలు

ప్రాచీన గ్రీకు నాణెం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఏథెన్స్ గుడ్లగూబ వెండి నాణెం. దాని ధర విని ఈ అభిరుచినే వదులుకున్నవాళ్లు ఉన్నారు. సేకరణ మొదలుపెడతానని ఎవరైనా అడిగితే నేను కంచు వైపే చూపిస్తాను. చేతికందే ధరలో అసలు సిసలు నాణేలు ఉన్నది అక్కడే. కాకపోతే వాటి గురించి చెలామణీలో ఉన్న మాటల్లో చాలావాటిని సరిచేయాలి.

అపోహ: రెండు వేల ఏళ్ల నాణెం రెండు మూడు వేల రూపాయలకే వస్తోందంటే అది నకిలీయే.

వయసును బట్టి ధర ఉండదు. ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఎంతమంది కోరుతున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. కంచు నాణెం సంతలో చిల్లర. అంతకుముందు చిల్లర కూడా వెండే. ఏథెన్స్ తూకంలో ఒబోల్ అనే చిన్న వెండి నాణెం 0.72 గ్రాములు, అందులో పావు వంతు నాణెం 0.18 గ్రాములు. అంత చిన్న తునకలను జనం బుగ్గన పెట్టుకుని తిరిగేవారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో సిసిలీ నగరాల్లో కంచు చిల్లర వచ్చింది, తర్వాతి శతాబ్దంలో గ్రీకు లోకమంతా పాకింది. ఆ కాలపు ఏథెన్స్ నాటకం ఒకదానిలో ఒకాయన ద్రాక్షపళ్లు అమ్మి, బుగ్గ నిండా రాగి చిల్లరతో పిండి కొనడానికి వెళ్తాడు. సంచీ చాపేసరికి, ఇక రాగి చెల్లదని దండోరా వినిపిస్తుంది!

ఇలాంటి చిల్లరను లెక్కలేనంతగా ముద్రించారు, జనం అంతే విరివిగా పోగొట్టుకున్నారు. మాసిడోన్ రాజు రెండవ ఫిలిప్ (క్రీ.పూ. 359–336) కంచు నాణేల మీద అపోలో దేవుడి తల, గుర్రం ఎక్కిన యువకుడు ఉంటారు. ఆయన కొడుకు అలెగ్జాండర్ పేరిట వచ్చినవాటి మీద సింహచర్మం కప్పుకున్న పురాణ వీరుడు హెరాక్లీస్, విల్లు, గద ఉంటాయి. రెండూ మార్కెట్‌లో ఇప్పటికీ మామూలుగా కనిపించే రకాలే.

అపోహ: తోమి మెరిపిస్తే విలువ పెరుగుతుంది.

కంచు చెంబును చింతపండుతో తోమినట్టు నాణేన్ని తోమితే దాని పని అయిపోయినట్టే. శతాబ్దాలుగా పట్టిన గట్టి చిలుము నాణేనికి చర్మం. చాలాసార్లు బొమ్మలోని సన్నని గీతలు లోపలి లోహంలో కాకుండా ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. పొర పోతే అవీ పోతాయి, దానితోపాటే విలువా పోతుంది. ముదురాకుపచ్చ, గోధుమ, నలుపు, అక్కడక్కడా ఎరుపు, ఇవన్నీ ఆరోగ్యకరమైన రంగులే. అలాంటి నాణేన్ని దాని మానాన వదిలేయండి.

భయపడాల్సింది లేతాకుపచ్చ పొడికి. పుల్లతో గీకితే రాలిపోతుంది, కొన్నాళ్లకు అదే చోట మళ్లీ పుడుతుంది. దాన్నే కంచు రోగం అంటారు. ఇది క్రిమి వల్ల వచ్చేది కాదు. లోపల చిక్కుకున్న క్లోరైడ్ లవణాలు, గాలి, తేమ కలిసి లోహాన్ని తినేస్తూ పోతాయి. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉండేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నాణేన్ని సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణంలో వారాల తరబడి నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతుగా ఉన్న డబ్బాలో దాచాలి. మెత్తటి పీవీసీ కవర్లు అసలు వద్దు, అవే నాణేనికి పచ్చటి జిగురు పట్టిస్తాయి.

అపోహ: ఇంత చవక నాణేలకు నకిలీలు ఎవరు చేస్తారు?

చేస్తారు. పోతపోసిన నకిలీలో అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలంపై సూదిమొనంత బుడగ గుంటలు కనిపిస్తాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం అసలు నాణేన్ని చెక్కి అందంగా మార్చడం. నల్లసముద్రం ఒడ్డున ఉన్న పాంటస్ రాజ్యాన్ని ఏలిన ఆరవ మిత్రదాత కాలంలో అమిసోస్ నగరం ముద్రించిన నాణేన్నే తీసుకోండి. సుమారు 20 మిల్లీమీటర్లు, ఏడెనిమిది గ్రాములు, మందంగా ఉంటుంది. బొమ్మ వైపు గోర్గాన్ అనే పాముల జుట్టు రాక్షసి తల ఉన్న డాలు లాంటి కవచం, బొరుసు వైపు ఈతమట్ట పట్టిన విజయదేవత నైకీ. పది రెట్లు పెంచి చూపే భూతద్దంతో నైకీ బట్టల మడతలు చూడండి. సహజమైన మడత గుండ్రంగా లేచి దిగుతుంది. ఉలి పెట్టినది పదునుగా, లోతుగా ఉంటుంది, ఆ గాడిలో చిలుము ఉండదు, లేదా పూసిన రంగు ఉంటుంది. ముఖం అరిగిపోయి మడతలు మాత్రం కొత్తగా ఉంటే కొనకండి. చెక్కిన అందం కంటే నిజాయితీగా అరిగిన నాణెం వెయ్యి రెట్లు నయం.

అపోహ: నడిమధ్యలో గుంట ఉంటే ఎవరో పాడుచేసినట్టు.

ఈజిప్టును ఏలిన టాలెమీల పెద్ద కంచు నాణేలకు రెండు వైపులా ఆ గుంట ఉండటం మామూలే. ముద్ర వేయకముందు బిళ్లను తయారుచేసేటప్పుడు ఏర్పడినది.

అపోహ: గ్రీకు నాణేలన్నీ గ్రీసువే.

మన ఉపఖండం వాయవ్యాన పాలించిన గ్రీకు రాజులు మెనాండర్, అపోలోడోటస్ చదరపు కంచు నాణేలు ముద్రించారు. ఒకవైపు గ్రీకు లిపి, మరోవైపు ఖరోష్ఠి అనే ప్రాచీన లిపిలో ప్రాకృతం. 1830ల్లో కలకత్తా టంకశాల అధికారి జేమ్స్ ప్రిన్సెప్ ఖరోష్ఠిని చదవగలిగింది ఇలాంటి రెండు లిపుల నాణేల సాయంతోనే. మెనాండర్ ఏనుగు తల, గద ఉన్న చిన్న నాణెం తెలుగు సేకర్తకు చక్కటి తొలి నాణెం అని నా అభిప్రాయం.

అపోహ: బిల్లు ఉంటే చాలు, ఇక నా ఇష్టం.

బిల్లుతోపాటు పాత సేకరణల చరిత్ర కూడా అడగండి. మట్టితో సహా అమ్మే నాణేల జోలికి పోవద్దు. వాటిని తవ్విన చోటు ఎవరూ నమోదు చేయకుండానే చెదిరిపోయి ఉంటుంది. ఇక్కడి చట్టం కూడా తెలుసుకోండి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న తమ్ముడికి కానుకగా పోస్టులో పంపడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.